నలభై ఏడో నంబరు పెట్టె

స్టోరులో వస్తువు దాని చోట అది లేకపోతే నాకు ఒళ్లు మండుతుంది. పానా తీసుకెళ్లినవాడు మళ్లీ అదే మేకుకు తగిలించాలి. గ్రీజు డబ్బాకు మూత పెట్టకుండా వదిలినవాడితో నేను మధ్యాహ్నం దాకా మాట్లాడను. అరబ్బు దేశంలో హాయిల్ ఊరికి గంట దూరంలో, గోధుమ పండించే ఒక పెద్ద మజ్రాలో స్టోర్ కీపర్‌గా చేరి పన్నెండేళ్లయింది. జగిత్యాల దగ్గరి మా పల్లె వదిలి వచ్చినప్పుడు నాకు అరబ్బీలో ఒక్క ముక్క రాదు. ఇప్పుడు కోపం వస్తే తప్ప అరబ్బీ బాగానే మాట్లాడతాను. కోపం వస్తే మాత్రం నోట్లోంచి తెలుగే వస్తుంది.

చేరిన మొదటి నెలలోనే రేకుల షెడ్డులో ఉన్న ప్రతి వస్తువుకూ పెయింటుతో నంబరు వేశాను. నీటి పైపులు, నాజిళ్లు, బేరింగులు, మోటార్లు, తూకం యంత్రం, అన్నిటికీ. ఒక మూలన గోడ వారగా పొడుగాటి చెక్కపెట్టె ఉండేది. ఇత్తడి తాళం వేసి ఉంది, తాళంచెవి లేదు. ఇదేమిటని అడిగితే మా కఫీలు, అంటే ఆ మజ్రా యజమాని, అది అక్కడే ఉండనీ అన్నాడు. దాని ఆకారం చూసి నేనే తేల్చేసుకున్నాను. నంబరు నలభై ఏడు వేసి, రిజిస్టరులో 'భూమి కొలిచే స్టాండు, తాళం ఉంది, చెవి లేదు' అని రాసుకున్నాను. రాశాక ఇక అనుమానం ఎందుకుంటుంది, నా చేతిరాతేగా.

ఏటా దసరా నాడు పొద్దున్నే డ్యూటీకి ముందు షెడ్డు తలుపు దగ్గరగా వేసుకుని పనిముట్లకు బొట్లు పెడతాను. గంట లేదు, కర్పూరం లేదు, పటం లేదు. పానాలు, సుత్తెలు డీజిల్‌తో తుడిచి, ఇంత పసుపు రాసి, కుంకుమ అద్దుతాను. కుంకుమ పొట్లం ఇంటి నుంచి మా ఆవిడ ఎవరో ఒకరి చేతికిచ్చి పంపిస్తుంది. అన్నిటికీ పెట్టాక నలభై ఏడుకూ పెట్టేవాణ్ణి. మా అమ్మ వడ్ల పెట్టెకు పెట్టినట్టే, తాళం పక్కన, మూతా పెట్టె అంచూ కలిసే చోట, సగం పైకీ సగం కిందికీ వచ్చేటట్టు. చెక్కకు నూనె జిడ్డు ఉండదు కనుక తుడిచే పని లేదు. పోయినేటి బొట్టు మీదే ఈ ఏటి బొట్టు.

పోయినేడు దసరా వెళ్లి మూడు వారాలయ్యాక, ఒక సాయంత్రం కఫీలు నాకు కబురు పెట్టాడు. మేమంతా ఆయన్ని బాబా అంటాం. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, చేతికర్ర లేకుండా పొలమంతా తిరుగుతాడు. సంతోషంగా ఉంటే నన్ను ముదీర్ అని పిలుస్తాడు, మేనేజరు గారూ అని వెక్కిరింపు. ఆ రోజు ఖర్జూరపు చెట్ల కింద తివాచీ వేసుకుని కూర్చుని, నలభై ఏడో నంబరు పెట్టె తోపుడు బండి మీద తెమ్మన్నాడు. తెచ్చాను. లైసెన్సు లేని పాత తుపాకీ ఉంటే తామే ముందుకొచ్చి చెప్పి, చట్టప్రకారం నమోదు చేయించుకునే వీలు ఉందట, ఫోనులోనే దరఖాస్తు పెట్టాలట, అది నువ్వు చెయ్యాలి అన్నాడు. చేస్తాను, తుపాకీ ఎక్కడుంది అన్నాను. ఆయన పెట్టె వైపు చూశాడు.

నేను బండి వదిలేసి నాలుగడుగులు వెనక్కి వేశాను. షెడ్డుకు ఆనుకునే నా గది. నడుమ రేకు గోడ తప్ప ఏమీ లేదు. పదకొండేళ్లు నా తలగడకు పదడుగుల దూరంలో లైసెన్సు లేని తుపాకీ ఉంది. పరాయి దేశం, పరాయి చట్టం, స్టోరు తాళాలు నా దగ్గర. ఎవరైనా వచ్చి సోదా చేసి ఉంటే ఎవరి మెడకు చుట్టుకునేది? ముందే ఎందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను. సగం తెలుగులో అడిగినట్టున్నాను.

ఆయన ఆశ్చర్యపోయాడు. "నీకు తెలుసు కదా. పంపులు తనిఖీ చేసి ఎర్ర చుక్క పెడతావు. ఏడాదికోసారి దీనికీ ఎర్ర గుర్తు పెడుతున్నావు. నేను చూస్తూనే ఉన్నాను. పదకొండేళ్లు చూసి కూడా నువ్వు ఎవరికీ చెప్పలేదు. అందుకే ఈ పనికి నా కొడుకుల్ని కాకుండా నిన్ను పిలిచాను."

అప్పుడే చెప్పేయాల్సింది. అది తనిఖీ గుర్తు కాదు బాబా, బొట్టు, అని ఒక్క మాట. కానీ ఆయన నన్ను చూసిన చూపుకు నోరు పెగల్లేదు. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. నన్ను అంత నమ్మదగినవాడిగా ఎవరూ అనుకోలేదు ఎప్పుడూ. పొగడ్తకు పడిపోయాను.

అది వాళ్ల నాన్నదట. చివరి రోజుల్లో చిన్న కొడుకైన ఈయన చేతిలో పెట్టాడట. ఈయన అన్నలిద్దరూ ఏటా చలికాలంలో ఎడారిలో గుడారాలు వేసుకుని వేటకు వెళతారు. ఇద్దరికీ లైసెన్సున్న తుపాకులున్నాయి. కాగితం లేని తుపాకీ బయటికి తీయలేక ఈయన మాత్రం ఇన్నేళ్లూ వాళ్లకు గహ్వా, అంటే అరబ్బీ కాఫీ, కాచి పోస్తూ కూర్చున్నాడు. "ఒక్క చలికాలమైనా నాన్న తుపాకీ పట్టుకుని వాళ్ల పక్కన కూర్చోవాలి. నా తర్వాత నా పిల్లలకు దీన్ని దొంగ సొత్తులా వదిలిపోను" అన్నాడు. లైసెన్సు ఆఫీసువాళ్లు ఒప్పుకోకపోతే అని అడిగాను. అప్పుడు వాళ్లే ఉంచేసుకుంటారు అని, నా కప్పులో గహ్వా పోశాడు.

స్టోరులో ఏది విప్పినా విప్పకముందు నాలుగు వైపులా ఫోటో తీయడం నా అలవాటు. రేపు ఎవడైనా ఇది ఇలా లేదు అంటే ఫోటో మొహాన పెట్టొచ్చు. పెట్టెకూ తీశాను. తాళం మాత్రం కొయ్యనన్నాను. ఆయనే హాక్సా పట్టుకుని కోశాడు. మేకవెంట్రుకల కంబళిలో చుట్టిన పాతకాలపు ఒంటి గొట్టం తుపాకీ. నేను ఖర్జూరపు చెట్టు చాటున నిలబడ్డాను. ఆయన దాన్ని కీలు దగ్గర విరిచి చూసి, గొట్టంలోంచి నాకు ఆకాశం కనపడేటట్టు పట్టుకుని, ఖాళీ, రా అన్నాడు.

దరఖాస్తులో తుపాకీ మీది నంబరు రాయాలి. నంబరు గొట్టం కింద తుప్పులో ఉంది. ఆయనకు కళ్లు ఆనవు. నేను ముట్టను. చివరికి ఆయన పట్టుకుంటే, నేను రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, వంగి, ఒక్కొక్క అంకే పైకి చదివాను. దూరం నుంచి చూసినవాళ్లు నేను తుపాకీకి క్షమాపణ చెప్పుకుంటున్నాననుకుని ఉంటారు. తర్వాత ఫోను గొడవ. యాప్‌లోకి వెళ్లాలంటే ఆయన ఫోనుకే ఓటీపీ వస్తుంది. ఆయన జేబులు వెతికి కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకునేసరికి దాని గడువు అయిపోతుంది. మూడుసార్లు అయిపోయింది. నాలుగోసారి అద్దాలు ముందే పెట్టించాను. డాక్టరు సర్టిఫికెట్ కావాలంటే ఆసుపత్రికి తీసుకెళ్లాను. కళ్ల పరీక్షలో అద్దాలతో అన్ని వరుసలూ చదివి బయటికొచ్చి, ఇంకా ఒక వరుస ఉంటే అదీ చదివేవాణ్ణి ముదీర్ అన్నాడు.

మా క్యాంపులో వంట చేసే అన్న ఊరు నిర్మల్ వైపు. నాకంటే పదేళ్లు పెద్ద. ఆయనకు చెప్పకుండా ఏ పనీ చేయను, చెప్పాక తిట్లు తినకుండా ఉండను. విన్నాక గరిటె కింద పెట్టి నన్ను పైకీ కిందికీ చూశాడు.

"నీకేమన్న పిస లేసిందా తమ్మీ? తుపాకి ముట్టిన పరదేశోన్ని ఎవ్వడు ఇడిసిపెడ్తడు?"

"ముట్టలేదన్నా. చేతులు ఎన్కకు కట్టుకోని నంబరు సదివిన."

"మరి పెట్టె మీద బొట్టు పెట్టినవ్ గదా. పదకొండేండ్ల సంది పెడ్తున్నవ్. గది ముట్టుడు గాదా?"

ఆ సంగతి నేను ఆలోచించనే లేదు. డీజిల్ గుడ్డతో ఒక్కసారి తుడిచెయ్యి, పీడ పోతది అన్నాడు అన్న. గుడ్డ తీసుకుని వెళ్లాను కూడా. తుపాకీని బాబా తన గదికి తీసుకెళ్లాడు, షెడ్డులో మిగిలిన ఖాళీ పెట్టె ముందు కూర్చున్నాను. నా చేత్తో పండుగ నాడు పెట్టిన బొట్టును డీజిల్ గుడ్డతో తుడవడానికి చెయ్యి రాలేదు. పైగా తుడిస్తే ఏదో దాచినట్టే అవుతుంది. గుడ్డ మడిచి దాని మేకుకు తగిలించి వచ్చేశాను.

ఫోనుకు మెసేజ్ వచ్చింది, ఫలానా రోజు ఫలానా గంటకు తుపాకీ తెచ్చి చూపించమని. తూటా ఉండకూడదు, పెట్టెలో పెట్టి డిక్కీలో ఉంచాలి, యజమాని వెంట ఉండాలి, దారిలో ఎక్కడికీ తిప్పకుండా నేరుగా రావాలి. నేను ఆ మెసేజ్‌ను కాగితం మీద ప్రింటు తీయించి అద్దం ముందు పెట్టుకుని కారు నడిపాను. సగం దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆయన నమాజుకు దిగాడు. యజమాని వెంట ఉండాలి అని రాసి ఉంది కదా. యజమాని మసీదులో ఉన్నాడు, తుపాకీ డిక్కీలో ఉంది, కారులో నేనొక్కణ్ణే ఉన్నాను. తాళం వేసి దిగి, నలభై అడుగులు నడిచి, టైర్లకు గాలి కొట్టేచోట ఎండలో నిలబడ్డాను. ఆయన వచ్చి, కారు ఏమన్నా కరుస్తుందా అని అడిగాడు. నేను తాళం తీసి కారెక్కాను. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది.

ఆఫీసులో కుర్చీలో ఉన్న అధికారి వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడు. పెద్దాయన్ని లేచి నిలబడి పలకరించి, గహ్వా తెప్పించాడు. తుపాకీ తీసి, విరిచి, నంబరు సరిచూశాడు. కాగితాలన్నీ ఉన్నాయి. అంతా అయిపోయింది అనుకుని నేను ఊపిరి వదిలాను. అప్పుడు అధికారి పెట్టె మూత వైపు వంగి, ఈ ఎర్ర మరకలేమిటి అన్నాడు.

బాబా మొహం వెలిగిపోయింది. నా భుజం మీద చెయ్యి వేసి, ఇతను నా స్టోర్ కీపరు, ఏటా తనిఖీ చేసి గుర్తు పెడతాడు, పదకొండేళ్లు, ఒక్క ఏడాది కూడా తప్పలేదు అన్నాడు.

అధికారి పెన్ను కింద పెట్టాడు. "ఈ తుపాకీని నువ్వు పదకొండుసార్లు తీసి చూశావా?"

అవునంటే నేను పోయాను. కాదంటే పెద్దమనిషి అధికారి ముందు అబద్ధం ఆడినట్టవుతుంది, ఆయన తుపాకీ పోతుంది, ఆయన చలికాలం పోతుంది. ఆయన చెయ్యి నా భుజం మీదే ఉంది. నా మీద నమ్మకంతో నిశ్చింతగా నావైపే చూస్తున్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"లేదు సార్" అన్నాను. "అది తనిఖీ గుర్తు కాదు. మా పండుగ. ఆ రోజు పనిముట్లకు దండం పెట్టుకుని బొట్టు పెడతాం, ఏడాదంతా అన్నం పెట్టాయని. పెట్టెలో తుపాకీ ఉందని నాకు తెలియదు. తెలిస్తే ఆ షెడ్డు పక్కన ఒక్క రాత్రి కూడా పడుకునేవాణ్ణి కాదు."

భుజం మీది చెయ్యి మెల్లగా కిందికి జారింది.

"లోపల ఏముందనుకున్నావు?"

"భూమి కొలిచే స్టాండు సార్."

"దానితో ఎప్పుడైనా పని చేశావా?"

"లేదు సార్."

"మరి దానికెందుకు దండం?"

ఇంత మామూలు సంగతి అడిగితే ఏం చెప్పాలి. "స్టోరులో ఉంది. దానికీ నంబరు ఉంది. చుట్టూ ఉన్న అన్నిటికీ పెట్టి దానికొక్కదానికి పెట్టకపోతే బాగుండదు కదా సార్."

నేను ఫోను తీసి, తాళం కోయకముందు తీసిన ఫోటోలు ఆయన ముందు పెట్టాను. ఆయన వేళ్లతో పెద్దది చేసి చూశాడు. మూతా పెట్టే కలిసే చోట బొట్టు గట్టిగా పెచ్చు కట్టి ఉంది, ఎక్కడా పగుల్లేదు. తర్వాత పెట్టె మీద ఉన్న సగం బొట్టును గోటితో గీకాడు. పసుపు, ఎరుపు, మళ్లీ పసుపు, మళ్లీ ఎరుపు, పొరలు పొరలుగా వచ్చింది. పక్క గదిలోంచి ఇంకో అధికారిని పిలిచి చూపించాడు. ఇద్దరూ ఏదో గబగబా మాట్లాడుకున్నారు. నాకు ఒక్క మాట అందలేదు. నేను మా ఆవిడనూ, పిల్లనూ తలుచుకుంటూ నిలబడ్డాను.

చివరికి ఆయన బాబాతో అన్నాడు: "పెద్దాయనా, పదకొండేళ్లుగా ఈ పెట్టెను ఎవరూ తెరవలేదు. మేం వేసే సీలు కూడా ఇంత గట్టిగా ఉండదు."

సంతకం పెట్టాడు. తుపాకీ పరీక్షకు ఇక్కడే ఉంటుంది, లైసెన్సు రాగానే మెసేజ్ వస్తుంది, వచ్చి తీసుకెళ్లండి అన్నాడు. నాకు ఆ అధికారి కాళ్లకు దండం పెట్టాలనిపించింది. మళ్లీ దానికేం అర్థం తీస్తాడోనని ఊరుకున్నాను.

తిరుగుదారిలో డిక్కీలో ఖాళీ పెట్టె, పక్క సీట్లో మాట్లాడని మనిషి. బాబా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. పదకొండేళ్ల నమ్మకం నేను ఒక్క నిమిషంలో పాడు చేశాను అనుకున్నాను. సిగ్గుగా ఉంది, బాధగా ఉంది, మొదటి రోజే చెప్పనందుకు నా మీద నాకే మంటగా ఉంది. పెట్రోలు బంకు దాటుతుంటే, నేను వెళ్లేటప్పుడు ఎండలో నిలబడ్డ చోటును ఆయన తలతిప్పి చూశాడు.

"స్టాండా?" అన్నాడు.

"స్టాండే బాబా."

ఇక మొదలైంది నవ్వు. అద్దాలు తీసేసి, తలగుడ్డ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. కారు పక్కకు ఆపాల్సి వచ్చింది. నాకూ నవ్వు ఆగలేదు. నా పంపులకు పెట్టావా అన్నాడు. పెట్టాను. ట్రాక్టరుకు? పెట్టాను. ఈ కారుకు? అన్నిటికంటే ముందు దీనికే పెట్టాను బాబా అన్నాను. తుపాకీ ఉందని తెలిసి ఉంటే ఏం చేసేవాడివి అని అడిగాడు. మొదటి నెలలోనే పారిపోయేవాణ్ణి అన్నాను.

"అయితే నీకు తెలియకపోవడమే నా అదృష్టం" అన్నాడు.

లైసెన్సు వచ్చింది. తుపాకీ కొత్త కేసులో ఇంటికొచ్చి, ఆయన గదిలో ఇనుప బీరువాలో చేరింది. ఆ చలికాలం గుడారాలకు నేనే కారు నడిపాను. ఆయన తన తుపాకీ ఒళ్లో పెట్టుకుని అన్నల మధ్య కూర్చున్నాడు. పెద్దన్న ఆ తుపాకీ చెక్క మడమను అరచేత్తో నిమిరి, లేచి వెళ్లి, తమ్ముడికి తనే గహ్వా పోసి తెచ్చాడు. ఒక్క తూటా కూడా పేలలేదు ఆ రోజు. నాకు మాత్రం పెళ్లింట్లో ఉన్నట్టు ఉంది. మా వంట అన్నకు ఫోను చేసి చెప్తే, "నువ్వు జైల్ల వడకుంట ఇంటికి రా, గదే పండుగ" అన్నాడు.

ఒక్కటే ఇబ్బంది మిగిలింది. ఖాళీ పెట్టెను బాబా తన గదిలోనే ఉంచేసుకున్నాడు. షెడ్డులో నలభై ఆరు తర్వాత నలభై ఎనిమిది. ఆ మధ్య ఖాళీ చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. పదిసార్లు అనుకున్నాను, అక్కడ ఇంకేదైనా పెట్టేద్దామని. ఏదీ సరిపోలేదు.

ఈ ఏటి దసరా పొద్దున పానాలు తుడుస్తూ ఉంటే తలుపు దగ్గర చక్రం కిర్రుమన్న చప్పుడు వినిపించింది. బాబా తోపుడు బండి తనే తోసుకుంటూ వచ్చాడు. బండిలో ఆ పాత పెట్టె, దానికి కొత్త తాళం. దీని చోట ఇది లేకపోతే నువ్వు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదట అన్నాడు. తాళంచెవి నా చేతిలో పెట్టి, తెరిచి చూసుకో ముదీర్ అని, గుమ్మం బయటికి వెళ్లి, వీపు ఇటు తిప్పి గోధుమ పొలం చూస్తూ నిలబడ్డాడు.

తెరిచాను. మేకవెంట్రుకల కంబళి ఒక్కటే మడత పెట్టి ఉంది. మూత వేసి తాళం పెట్టాను. రిజిస్టరులో 'భూమి కొలిచే స్టాండు' కొట్టేసి, 'ఖాళీ పెట్టె, తాళం ఉంది, చెవి ఉంది' అని రాశాను. పెట్టెను నలభై ఆరుకూ నలభై ఎనిమిదికీ మధ్య జరిపి, మూతా పెట్టే కలిసే చోట, పాత బొట్టు విరిగిన దగ్గరే, కొత్త బొట్టు పెట్టాను. లోపల ఏముందో తెలిసి పెట్టడం ఇదే మొదటిసారి.